భూమికి పరీక్ష, పాలకులకు రిపోర్టు

రక్తపరీక్ష అంటే మన ఆసుపత్రికి వచ్చే వారందరికీ తెలుసు. హిమోగ్లోబిన్ ఎంత ఉందో రిపోర్టు చెబుతుంది. మందు మాత్రం డాక్టరు రాయాలి, రోగి మింగాలి. దేవుడు మనకిచ్చిన భూమికి, నీటికి, పంటలకు కూడా ప్రపంచస్థాయిలో ఇలాంటి పరీక్షలు జరుగుతున్నాయి. ఆ రిపోర్టులు పాలకుల చేతికి ఎలా చేరుతాయో, వాటికీ మన జహీరాబాదు ప్రాంతపు కంచానికీ సంబంధమేమిటో తెలుసుకుందాం.

రిపోర్టు ఎలా తయారవుతుంది?

2000లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ ఇచ్చిన పిలుపుతో ‘మిలీనియం ఎకోసిస్టమ్ అసెస్‌మెంట్’ 2001లో మొదలై 2005లో వెలువడింది. 95 దేశాలకు చెందిన 1,360 మంది నిపుణులు అందులో పాల్గొన్నారు. అప్పటికే జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి, ఏది ఖాయంగా తేలింది, ఏది ఇంకా తేలలేదు అని వారు విడదీసి చెప్పారు. ప్రకృతి మనిషికి చేసే 24 రకాల మేళ్లను పరిశీలిస్తే, వాటిలో 15 క్షీణిస్తున్నాయని తేలింది. ఇది ఆరోగ్య సమస్య కూడా గనుక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యంపై ప్రత్యేక సంపుటమే వెలువరించింది.

2012లో ఈ పని కోసం ‘ఐ.పి.బి.ఇ.ఎస్.’ అనే ప్రభుత్వాల వేదిక ఏర్పడింది. మన దేశం కూడా అందులో సభ్యురాలు. నిపుణులు రాసిన సారాంశాన్ని సభ్యదేశాల ప్రతినిధులు కూర్చుని వరుస వరుసా చదివి ఆమోదిస్తారు. అందుచేత ‘ఈ సంగతి మాకు తెలియదు’ అనడానికి పాలకులకు వీలుండదు. అయితే ఫలానా చట్టం చేయండి అని ఆ రిపోర్టు ఆజ్ఞాపించదు. దారులు చూపుతుంది, అంతే. ఆహారం, నీరు, ఆరోగ్యం, జీవవైవిధ్యం, వాతావరణం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయనీ, ఒక్కదానినే చూసుకుంటే మిగిలినవి దెబ్బతింటాయనీ 2024 డిసెంబరులో నమీబియాలో ఆమోదించిన నివేదిక చెప్పింది.

మన ఊళ్ల అనుభవం

ఈ ముడి మన ప్రాంతపు పేద రైతు స్త్రీలకు కొత్త కాదు. పస్తాపూరు కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు జొన్న, కొర్ర, సామ, కంది వంటి అనేక పంటలను ఒకే చేనులో కలిపి పండిస్తారు. 1990ల మధ్యకాలంలో వారు బీడు భూములను సాగులోకి తెచ్చి, జొన్నలను ఊరిలోనే నిల్వ చేశారు. ఏ ఇంటికి ఎంత కరువో ఊరివారే లెక్క తేల్చి, గింజలు దొరకని నెలలలో తక్కువ ధరకు ఇచ్చారు. అది కూడా ఒక పరీక్షే, ఒక రిపోర్టే. ఈ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం లభించింది.

2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలకూ చోటు దొరికింది. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకున్నది. అయినా మన రేషన్ సంచిలో పడేది ముఖ్యంగా బియ్యమే. రిపోర్టు వచ్చింది, చట్టమూ వచ్చింది, మందు మాత్రం రోగి నోటిదాకా రాలేదు.

మనమేమి చేయగలం?

• 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారు చేయాలి. మీ ఊరి రిజిస్టరు ఎక్కడుందో పంచాయతీలో అడగండి. పెద్దలకు తెలిసిన విత్తనాలు, ఆకుకూరలు, మందుమొక్కలు, చెరువుల వివరాలు అందులో రాయించండి.

• రేషన్‌లో జొన్నలు, తైదలు కావాలని గ్రామసభలో అడిగి, ఆ మాట తీర్మానంగా రాయించండి.

• సజ్జలలో ఇనుము, తైదలలో కాల్షియం బాగా ఉంటాయి. వారంలో కొన్ని పూటలైనా వండుకోండి. అయితే రక్తహీనత ఉన్న గర్భిణులు ఐరన్ మాత్రలు మానరాదు.

సృష్టిని కాపాడే బాధ్యత దేవుడు పాలకులకు మాత్రమే అప్పగించలేదు, మనకూ అప్పగించాడు. పైనుండి వచ్చే రిపోర్టు చట్టమై, ఆ చట్టం కంచంలో అన్నమై రావాలంటే కింది నుండి అడిగే గొంతు ఉండాలి. ఆ గొంతు మన సంఘాల నుండి, మన ఇళ్ల నుండి లేవాలని మా ప్రార్థన.