ప్రశ్నార్థకం, రెండు చుక్కలు: సి భాషలో ఒక్క లైన్ తీర్పు



లింగాల నుంచి అచ్చంపేటకు పల్లెవెలుగు బస్సు ఎక్కితే కండక్టర్ ఏం చేస్తారో మీకు తెలుసు. తెలంగాణ మహిళ అయితే గుర్తింపు కార్డు చూసి జీరో టికెట్ కొడతారు, లేకపోతే చార్జీ తీసుకుంటారు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక వచ్చిన పద్ధతి ఇది. ఒక ప్రశ్న, రెండు జవాబులు. సి ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న మీ పిల్లల నోట్‌బుక్‌లో కనిపించే కండిషనల్ ఆపరేటర్ చేసే పని కూడా ఇదే.

టికెట్ = మహిళ == 1 ? 0 : చార్జీ;

(అసలు ప్రోగ్రాంలో పేర్లను ఇంగ్లిష్ అక్షరాలతో రాస్తారు. మీకు సులువుగా ఉండాలని ఇక్కడ తెలుగులో ఇచ్చాం.)

దీన్ని చదవడం కష్టం కాదు. ప్రశ్నార్థకానికి ముందున్నది షరతు. అది నిజమైతే రెండు చుక్కలకు ముందున్న విలువ వస్తుంది, నిజం కాకపోతే తర్వాత ఉన్న విలువ వస్తుంది. ఇఫ్, ఎల్స్ రాస్తే నాలుగు లైన్లు పట్టే పని ఒక్క లైన్‌లో అయిపోతుంది. మూడు భాగాలు ఉంటాయి కాబట్టి దీన్ని టెర్నరీ ఆపరేటర్ అని కూడా అంటారు.

డెన్నిస్ రిచీ 1972 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో సి భాషను రూపొందించారు. ఆ తర్వాత వచ్చిన సి ప్లస్ ప్లస్, జావా, జావాస్క్రిప్ట్ భాషల్లోనూ ఇవే గుర్తులు ఉన్నాయి. ఇప్పుడు నేర్చుకున్నది రేపు అక్కడా పనికొస్తుంది. పైగా ఈ వరుస మన మాటకు దగ్గర. "వానొస్తే గొడుగు, లేకపోతే టోపీ" అని మనం షరతునే ముందు చెప్తాం. సి భాష కూడా అంతే.

ఇక జాగ్రత్త పడాల్సిన చోట్లు మూడు.

మొదటిది హద్దు. పదో తరగతి పరీక్షలో 100కు 35 వస్తే పాస్.

ఫలితం = మార్కులు > 35 ? పాస్ : ఫెయిల్;

చూడటానికి సరిగ్గానే ఉంది. కానీ సరిగ్గా 35 తెచ్చుకున్న బిడ్డను ఇది ఫెయిల్ చేస్తుంది. 35 కంటే ఎక్కువా అని అడిగామే తప్ప, 35 ఉన్నా చాలు అనలేదు. అక్కడ >= ఉండాలి. ఒక్క గుర్తు తప్పితే ఒక ఇంట్లో పండుగ పోతుంది. రెండో భాషకు పాస్ మార్కు 20 కాబట్టి, ఆ హద్దును కూడా ఇదే ఆపరేటర్‌తో ఎంచుకోవచ్చు:

హద్దు = రెండో_భాష == 1 ? 20 : 35;

రెండోది సమాన గుర్తు. సమానమా అని అడగడానికి సి భాషలో == అని రెండుసార్లు రాయాలి. ఒక్కటే రాస్తే, అది విలువ పెట్టమనే ఆజ్ఞ అవుతుంది. బస్సు ఉదాహరణలో అలా జరిగితే అసలు ప్రశ్నే మాయమై, మగవాళ్లకు కూడా జీరో టికెట్ వస్తుంది. దీన్ని తప్పు అని చెప్పి కంప్యూటర్ పని ఆపదు. అందుకే దొరకడం కష్టం.

మూడోది బ్రాకెట్లు. ఫీజు 500, బస్సు వాడితే మరో 200 అనుకుందాం.

మొత్తం = 500 + బస్సు == 1 ? 200 : 0;

ఇక్కడ కంప్యూటర్ ముందు 500కు బస్సు విలువను కలుపుతుంది. తర్వాత ఆ మొత్తం 1తో సమానమా అని చూస్తుంది. ఎప్పటికీ కాదు. అందరికీ సున్నా బిల్లు వస్తుంది! మీకు సంతోషమే కానీ లెక్క తప్పు. సరైనది ఇది:

మొత్తం = 500 + (బస్సు == 1 ? 200 : 0);

ఒక షరతులో ఇంకో షరతు దూర్చి పొడుగ్గా రాయడం గొప్ప కాదు. రెండు, మూడు షరతులు ఉంటే ఇఫ్, ఎల్స్ రాయడమే మేలు. రేపు ఇంకొకరు చదివినా అర్థం కావాలి కదా.

ఈ ఆదివారం ఇంట్లో ఇలా చేసి చూడండి. కంప్యూటర్ అక్కర్లేదు, కాగితం చాలు. పాస్, ఫెయిల్ చెప్పే లైన్ ఒకటి రాయమనండి. తర్వాత 34, 35, 36 ఇచ్చి ఒక్కొక్కదానికి ఏం వస్తుందో అడగండి. సి భాష మీకు రాకపోయినా ఫర్వాలేదు. "సరిగ్గా 35 వస్తే ఏమవుతుంది బిడ్డా?" అని మీరు అడిగే ఆ ఒక్క ప్రశ్నే మంచి ప్రోగ్రామర్‌కు కావాల్సిన మొదటి అలవాటు.