పెరటి కాయగూరలు - వేపగింజల కషాయము

నరసరావుపేట మొదలు మాచర్ల వరకు నల్లరేగడిలో మిరప, ప్రత్తి పండించు ఇండ్లలో ఒక అలవాటును మేము గమనించితిమి. చేనికి మందు కొట్టి వచ్చిన పంపులో అడుగున కొంత మిగులును. దానిని పారబోయుటకు మనసొప్పక పెరటిలోని వంగ మీదను, బెండ మీదను చల్లుదురు. మరునాటి ఉదయము ఆ కాయలే కోసి కూర వండుదురు. చల్లిన పిమ్మట కోతకు ఆగవలసిన దినములు మందు మందునకు వేరు. చేనిలో ఆ లెక్క చూచువారు సైతము పెరటిలో చూడరు. తినునది మాత్రము తమ పిల్లలే! అదే పంపులో అంతకుముందు కలుపుమందు పోసియున్నచో, మొక్కయే మాడిపోవును.

మందు ఎంత ఘాటైనదైనను సర్వమునకు మందు కాదని 2021-22 పంటకాలమున ఈ ప్రాంతపు మిరప రైతులకు తెలిసివచ్చినది. ఆగ్నేయాసియాకు చెందిన నల్ల తామరపురుగు పూవులలో దాగి, ఎన్ని మందులు మార్చి కొట్టినను లొంగక పూతను రాల్చివేసినది. పైగా మందు దెబ్బకు పురుగులను తిను మిత్రపురుగులు కూడ నశించును.

కావున చంపుటకు ముందు చూచుట నేర్వవలెను. అక్షింతల పురుగు సంగతియే తీసికొందము. నున్నగా మెరయుచు పేనుబంక నడుమ తిరుగునది మనకు మిత్రము. వంగాకు మీద మెరుపులేక, సన్నని నూగుతో, పెక్కు చుక్కలతో కనిపించునది శత్రువు. పిల్లపురుగులను చూచిన భేదము మరింత స్పష్టము. మిత్రుని పిల్ల నల్లగా, పొడుగుగా నుండును. శత్రువు పిల్ల పసుపువన్నెతో ఒడలంతయు ముండ్లతో నుండి, ఆకును జల్లెడ చేయును. దానిని చేతితో ఏరి సబ్బునీటిలో వేసిన చాలును.

ఎరువునకు వత్తము. ఎండకు నెఱ్ఱెలు విచ్చి, వానకు బంకయగు రేగడికి మాగిన పశువుల ఎరువు ప్రాణము. పచ్చి పేడ వేసిన వేరుపురుగు, చెద చేరును. రాత్రులు గొర్రెల మందను చేనిలో నిలిపించుకొను పాత వాడుకలోని మేలు పెరటికి కావలెనన్న, మాగిన గొర్రె ఎరువును గంపతో తెచ్చుకొనవచ్చును. 2016 నుండి రాష్ట్రప్రభుత్వము ప్రచారము చేసిన ద్రవజీవామృతమును ఇంట కలుపుకొనవచ్చును: ఇరువది లీటర్ల నీటికి కిలో పేడ, లీటరు గోమూత్రము, బెల్లము, పప్పుపిండి చెరి 200 గ్రాములు, గుప్పెడు గట్టుమన్ను. నీడలో రెండు దినములు పులియనిచ్చి మొదళ్ళకు పోయవలెను. ఇది పెంటయెరువునకు తోడే గాని బదులు కాదని మా అభిప్రాయము.

ఇక వేప. గింజల పప్పు 50 గ్రాములు దంచి, గుడ్డలో మూటగట్టి లీటరు నీటిలో రాత్రి నాననిచ్చి, పిండి వడగట్టి, కొద్దిగా సబ్బునీరు కలిపి చల్లవలెను. ఎండకు దాని సారము చెడును గనుక సాయంకాలమే తగిన వేళ. పురుగు వెంటనే చావలేదని విసుగుకొనరాదు. అది మేత మానును, కుబుసము విడువజాలదు. వారమునకొకసారి మరల చల్లవలెను. కాయలోనికి దూరిన వంగపురుగును మాత్రమిది అంటదు. వాడిన కొమ్మకొనలను, తొలిచిన కాయలను పురుగుతో సహా త్రుంచి కాల్చుటయే మార్గము.

కొందరు పొగాకు కషాయము చల్లుదురు. అది ఆకునుండి వచ్చినదే యైనను తీవ్రమైన విషము. అంతేకాక పొగాకులోని వైరసు తెగులు టమాటాకు, మిరపకు సోకవచ్చును. వంటింటి పెరటికి అది వలదు.

వేపపండ్లు జూన్, జూలై నెలలలో రాలును. గుజ్జు కడిగి, గింజలను నీడలో ఆరబెట్టి, గాలి తగులు గోనెసంచిలో ఉంచవలెను. ఏడాది దాటిన గింజలలో సారము తగ్గును గనుక ఏటేట క్రొత్తవి ఏరుకొనవలసినదే.