తాళంచెవి తిప్పనవసరం లేని కార్లు – సౌకర్యంతో పాటు అప్రమత్తత అవసరం

ఉట్నూర్: తాళంచెవిని జేబులో నుంచి తీయకుండానే తలుపు తెరుచుకుని, బటన్ నొక్కగానే ఇంజను నడిచే కార్లు నేడు నగరాలకే పరిమితం కాలేదు. ఈ సౌకర్యాన్ని వినియోగించుకునే వారు దాని పనితీరును, పరిమితులను కూడా తెలుసుకోవలసి ఉంది.

యజమాని తలుపు పిడిని తాకినప్పుడు కారు సుమారు 125 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంపై సంకేతం పంపుతుంది. ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉన్న రిమోట్ కీ దానిని గ్రహించి, సాధారణంగా 433 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై రహస్య సంకేతంతో బదులిస్తుంది. ఈ సంకేతం ప్రతిసారీ మారుతుంది కనుక నకలు తాళంచెవితో కారును అపహరించడం కష్టసాధ్యం.

అయితే, బదులు వచ్చినంత మాత్రాన కీ దగ్గరలోనే ఉందని కారు భావించడం ఇందులోని లోపం. ఒక దొంగ యజమాని సమీపంలో, మరొకడు కారు వద్ద పరికరాలతో నిలబడి సంకేతాన్ని దూరానికి చేరవేయగలరు. స్విట్జర్లాండ్‌లోని జూరిచ్ ఇ.టి.హెచ్. పరిశోధకులు 8 కంపెనీలకు చెందిన 10 కార్లను ఈ విధంగా తెరిచి, ఇంజను నడిపించి 2011లో ఫలితాలను వెల్లడించారు. ఆ తరువాత కొన్ని కంపెనీలు కదలిక లేనప్పుడు నిద్రాణస్థితికి చేరే కీలను, దూరాన్ని కచ్చితంగా కొలిచే సాంకేతికతను ప్రవేశపెట్టాయి.

ఇంట్లో కీని వీధి తలుపు పక్కన తగిలించకుండా, మూత బిగుతుగా ఉన్న లోహపు డబ్బాలో ఉంచడం మేలు. కేస్లాపూర్ నాగోబా జాతర వంటి రద్దీ ప్రదేశాలలో కారు నిలిపినప్పుడు, ఇండికేటర్ దీపాలు వెలిగి తాళం పడిందని నిర్ధారించుకున్న తరువాతే వెళ్లాలి. పాత కారు కొనేవారు రెండు కీలనూ తీసుకుని, మిగిలిన కీలేవైనా ఉంటే సర్వీస్ కేంద్రంలో రద్దు చేయించుకోవాలి.

వాహన భద్రత కన్నా ప్రాణ భద్రత ముఖ్యం. 2025 మే 18న విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఆడుకుంటూ కారులోకి వెళ్లిన నలుగురు చిన్నారులు తలుపులు మూసుకుపోయి మరణించారు. ఎండలు తీవ్రంగా ఉండే ఆదిలాబాద్ జిల్లాలో ఈ ప్రమాదాన్ని తేలికగా తీసుకోరాదు. దూరం నుంచి బటన్ నొక్కే అలవాటు వలన కారు లోపల ఎవరున్నారో చూడడం మరచిపోయే అవకాశం ఉంది. కావున వెనుక సీటు వరకు పరిశీలించిన తరువాతే తాళం వేయాలి. ఇంటి ముందు నిలిపిన కారుకు సైతం తాళం వేసి, కీని పిల్లలకు అందకుండా ఉంచాలి.

సెంట్రల్ లాకింగ్ ఉన్న కార్లలో చేతితో తలుపు తెరుచుకునే ఏర్పాటును కేంద్ర ప్రభుత్వం 2019 జులై 1 నుంచి తప్పనిసరి చేసింది. దానిని ఉపయోగించే విధానాన్ని, ఆపదలో హారన్ మోగించడాన్ని పిల్లలకు నేర్పాలి. వెనుక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉన్నప్పుడు అవి లోపలి నుంచి తెరుచుకోవు కనుక ముందు సీటులోకి రావాలని చెప్పాలి.

ఇంజను ఆపకుండా కీతో దిగి వెళ్లినా చాలా కార్లు నడుస్తూనే ఉంటాయి. మూసిన షెడ్డులో వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేని విషవాయువు కనుక ఇంజను ఆగినదీ లేనిదీ గమనించాలి. కీలోని బ్యాటరీ అయిపోయినప్పుడు, అందులో అమర్చిన చిన్న లోహపు తాళంచెవితో తలుపు తెరవవచ్చు.

కారులో చిన్నారులు చిక్కుకున్నట్లు గమనించిన వారు ఆలస్యం చేయక అద్దం పగులగొట్టి రక్షించి, 112కు సమాచారం అందించాలి.