బీరు కాచే ఊళ్లు

జర్మనీ బీరనగానే మనవాళ్ల కళ్లముందు మెదిలేది మ్యూనిక్ ఆక్టోబర్‌ఫెస్ట్. పెద్ద పెద్ద డేరాలు, లీటరు గ్లాసులు, బ్యాండుమేళం. 2024లో అక్కడ లీటరు బీరు 13.60 నుంచి 15.30 యూరోలు పలికింది. మ్యూనిక్ ఉన్న అదే బవేరియా రాష్ట్రంలో ఉత్తరాన ఫ్రాంకోనియా అనే ప్రాంతం ఉంది. అక్కడి ఊళ్లలో అంతకంటే చాలా చవకగా, అంతకంటే మంచి బీరు దొరుకుతుంది. కాకపోతే ఆ బ్రూవరీల పేర్లు పక్క జిల్లావాళ్లే విని ఉండరు. అక్కడే ఎర్లాంగెన్‌లో ఇంజినీరుగా స్థిరపడ్డ నా స్నేహితుడు చాన్నాళ్లుగా పోరుతున్నాడు. "ఆ జాతర సంగతి వదిలెయ్‌రా. ఇటు రా, అసలు సంగతి చూపిస్తా" అని.

చివరికి వెళితే, మొదట బాంబెర్గ్ తీసుకెళ్లాడు. రెగ్నిట్స్ నది మధ్యలో, వంతెన మీద కట్టిన పాత టౌన్‌హాలు ఈ ఊరి ఆనవాలు. 1993లో పాత పట్టణమంతా యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. టూరిస్టులు టౌన్‌హాలు ముందు ఫొటోలు దిగుతుంటే మావాడు నన్ను నేరుగా శ్లెంకెర్లాకు లాక్కుపోయాడు. 1405 నాటి దస్తావేజుల్లోనే ప్రస్తావన ఉన్న చావడి అది. చెక్క పీపాకు కుళాయి బిగించి, మర ఏదీ లేకుండా, దాని బరువుకు అదే ధారకట్టేలా వంచుతారు. కారునలుపు రంగు, పైన మీగడ లాంటి నురగ. గ్లాసు నోటిదాకా రాకముందే పొగవాసన కొట్టింది. గుక్క వేస్తే పొగబెట్టిన మాంసం తిన్నట్టే ఉంది. నా మొహం చూసి మావాడు నవ్వాడు. "ఒక్క గ్లాసుతో తీర్పు చెప్పకు. మూడోదాకా ఆగమంటారు ఇక్కడ."

మూడోదాకా అక్కర్లేకపోయింది. రెండోది సగమయ్యేసరికి పొగ వెనక్కి తగ్గి, మాల్టు తీపి పైకి వచ్చింది.

ఈ పొగ ఎవరో కొత్తగా కనిపెట్టిన రుచి కాదు. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్టు అవుతుంది. పూర్వం కట్టెల మంట మీదే ఆరబెట్టేవారు కాబట్టి చాలా బీర్లకు ఎంతో కొంత పొగవాసన ఉండేది. తర్వాత పొగ గింజకు తగలని బట్టీలు వచ్చాయి, ఆ వాసన లోకమంతటా మాయమైంది. బాంబెర్గ్‌లో శ్లెంకెర్లా, స్పెట్సియాల్ మాత్రం బీచ్ అనే చెట్టు కట్టెల మంట మీద తమ మాల్టు తామే తయారుచేసుకుంటున్నాయి. స్పెట్సియాల్ 1536 నాటిది, అక్కడ పొగ కాస్త మెత్తన. సరిగ్గా దాని ఎదురుగానే 1649లో మొదలైన ఫెస్లా ఉంది. వీధికి అటొకటి ఇటొకటి, ఇన్ని వందల ఏళ్లుగా రెండూ నడుస్తున్నాయి. ఇక మార్స్ బ్రాయ్‌లో అయితే ‘ఉ’ అని ఒక్క అక్షరం పలికితే చాలు, గ్యాసు తక్కువగా ఉండే, వడగట్టని బీరు తెచ్చి పెడతారు.

ఏ బ్రూవరీకి వెళ్లినా గోడమీద 1516 అంకె కనిపిస్తుంది. బవేరియా డ్యూకు నాలుగో విల్‌హెల్మ్ ఇంగోల్‌స్టాట్‌లో చేసిన చట్టం అది. బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ ఉండకూడదన్నాడు. ఈస్టు ఊసే లేదు! దాన్ని ఇప్పుడు స్వచ్ఛతకు మారుపేరుగా చెప్పుకుంటారు గానీ, నాకైతే అందులో స్వచ్ఛత కంటే లెక్కలే ఎక్కువ కనిపించాయి. ఆ చట్టం బీరు ధర కట్టడి చేసింది. గోధుమల్ని రొట్టెలకు వదిలిపెట్టింది. తర్వాతి శతాబ్దంలో అదే రాజవంశం గోధుమ బీరు గుత్తాధిపత్యం తన చేతుల్లో పెట్టుకుని బాగా గడించింది.

నిజంగా బవేరియాలో బీరు తీరును మార్చింది 1553 నాటి ఉత్తర్వు. ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీరు కాయకూడదు. వేసవిలో కాస్తే చెడిపోవడం ఒక బాధ, నిప్పు అంటుకునే భయం ఇంకొకటి. దాంతో చలికాలంలో కాచిన బీరును వేసవిదాకా దాచడానికి కొండల్ని తొలిచి నేలమాళిగలు కట్టారు. పైన చల్లదనానికి చెట్లు నాటారు. ఆ నీడలో బల్లలు వేసి అక్కడే అమ్మడం మొదలుపెట్టారు. ఈనాటి బీరుతోటల పుట్టుక ఇదే. కొండమీది స్పెట్సియాల్ తోటలో సాయంత్రం కూర్చుంటే ఎదురుగా కెథెడ్రల్ గోపురాలు కనిపిస్తాయి.

మర్నాడు శనివారం. ఔఫ్‌సెస్ అనే పల్లెకు వెళ్లాం. పదిహేను వందలమంది కూడా లేని గ్రామ పంచాయతీలో నాలుగు బ్రూవరీలు! ఆ లెక్కతోనే గిన్నిస్ బుక్కులో చేరింది. నాలుగింటినీ కలుపుతూ పొలాల మధ్యనుంచి సుమారు 14 కిలోమీటర్ల కాలిబాట ఉంది. నాలుగుచోట్లా తాగి ముద్ర వేయించుకుంటే సర్టిఫికెట్ ఇస్తారు. వాటిలో ఒకటైన, హెకెన్‌హోఫ్‌లోని కాతి బ్రాయ్ ముందు వారాంతాల్లో ఎటు చూసినా మోటార్‌సైకిళ్లే. మావాడు శనివారం మాంసం ముట్టడు. బీరుకు ఆ నియమం వర్తించదట! పంది భుజం కూర వద్దన్నందుకు వడ్డించే పెద్దావిడ వాడివైపు జాలిగా చూసి, రొట్టె, ఉల్లిపాయతో కలిపిన జున్ను ముద్ద, ముల్లంగి ముక్కలు తెచ్చిపెట్టింది.

ఈ పల్లె బీరును సీసాలో ఇండియా తెచ్చుకోవాలనుకోకండి. వడగట్టలేదు, వేడిచేసి నిలవకు సిద్ధం చేయలేదు. ఊరు దాటిన తాటికల్లు సంగతేమిటో, దీని సంగతీ అంతే.

1870ల్లో కార్ల్ ఫాన్ లిండె అనే ఇంజినీరు తయారుచేసిన శీతల యంత్రం వచ్చాక పెద్ద కంపెనీలు ఏడాది పొడవునా కాయగలిగాయి. చిన్నవి చాలాచోట్ల మూతపడ్డాయి. ఇక్కడ మిగలడానికి కారణం, ఇవి ఒట్టి బ్రూవరీలు కాకపోవడమే. ముందు హోటలు, వెనక పొలం, కొన్నిచోట్ల పక్కనే మాంసం కొట్టు. అన్నీ ఒకే కుటుంబానివి. ఒకదాని నష్టం ఇంకొకటి పూడుస్తుంది.

అయినా కష్టకాలం తప్పలేదు. 1970ల్లో జర్మనీలో తలసరి వాడకం ఏడాదికి 150 లీటర్ల దాకా ఉండేది, ఇప్పుడు 90 లోపే. జనం తక్కువ తాగితే మంచిదే, ఏడవాల్సిన పని లేదు. కానీ చావడి మూతపడితే ఆ పల్లెకు నలుగురూ కూర్చునే చోటు ఇంకోటి ఉండదు. వారసులు పట్నం ఉద్యోగాలకు పోతే గంగాళాలు చల్లబడిపోతాయి.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. కారు వద్దు, రైలూ బస్సూ కాళ్లూ చాలు. పల్లె బ్రూవరీలకు వారంలో ఒకటి రెండు రోజులు సెలవుంటుంది, ముందే కనుక్కోండి. చాలాచోట్ల కార్డు తీసుకోరు, జేబులో నగదు ఉంచుకోండి.