నీళ్ళొస్తే యాడికి పోదాం?

కడప జిల్లా కొండాపురం వైపు ఇంట్లోకి నీళ్ళు రావాలంటే ఊళ్ళోనే వాన కురవాలని లేదు. పైన చిత్రావతి, పెన్న, కింద 26.85 టీఎంసీల గండికోట జలాశయం. 2020లో ఆ జలాశయంలో నిల్వ పెంచుతున్నప్పుడు వెనుక జలాలు తాళ్ళప్రొద్దుటూరు వీధుల్లోకి ఎక్కాయి. పరిహారం, పునరావాసం గురించి చాలానే రాశారు, రాయాల్సిందే. ఆ ఇళ్ళలో నాలుగైదేళ్ళ పిల్లలు కూడా ఉన్నారన్నది మాత్రం ఎవరి లెక్కలోకీ సరిగా రాలేదు.

మరుసటి ఏడు, 2021 నవంబరు 19 తెల్లవారుజామున, అప్పటి కడప జిల్లాలోనే రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్ళ మీద నీళ్ళు విరుచుకుపడ్డాయి. తాళ్ళప్రొద్దుటూరులో నీళ్ళు రోజుల తరబడి పాకుతూ వచ్చాయి, ఇక్కడ చెప్పులు వేసుకునేంత వ్యవధి కూడా ఇవ్వలేదు. పెద్దవాళ్ళకు ఈ రెండూ వేర్వేరు కష్టాలు. పసిపిల్లలకు మాత్రం రెండుచోట్లా ఒకటే ప్రశ్న: అమ్మ ముఖం ఎలా ఉంది?

ఈ మాటకు శాస్త్రంలో గట్టి ఆధారమే ఉంది. 1985లో అమెరికాలో ఒక ప్రయోగ ఫలితాలు వెలువడ్డాయి. ఏడాది వయసు పిల్లల్ని ఒక బల్ల మీద వదిలారు. బల్ల మధ్యలో అడుగు లోతు పల్లం ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి పైన గట్టి అద్దం పరిచి ఉంది. అవతలి అంచున తల్లి. బిడ్డ పాక్కుంటూ అంచుదాకా వచ్చి, కిందికి చూసి, తలెత్తి తల్లి వైపు చూస్తాడు. తల్లి నవ్వుతూ ఉంటే 19 మందిలో 14 మంది దాటేశారు. భయపడ్డట్టు ముఖం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. పల్లం అదే, అద్దం అదే. మారింది తల్లి ముఖం ఒక్కటే.

అలాగని ఇల్లు మునుగుతుంటే నవ్వుతూ కూర్చోమని కాదు. ఏం చేయాలో ముందే తెలిసిన మనిషి ముఖం తెలియని మనిషి ముఖంలా ఉండదు. పిల్లల కోసం సిద్ధపడటమంటే సగం పెద్దవాళ్ళు సిద్ధపడటమే.

మన పాత మిద్దెలనే తీసుకోండి. దూలాలు, దంతెలు, వాటి మీద నాపరాళ్ళు, పైన జానెడు మందాన చవుడు మట్టి. ఎండాకాలం చల్లగా ఉంటుంది, అందులో తిరుగులేదు. కానీ ముసురు పట్టి నాలుగు రోజులు వదలకపోతే ఆ మట్టి నీళ్ళు పీల్చుకుంటుంది. ఘనమీటరు మట్టికి రెండు మూడు వందల కిలోల బరువు అదనంగా చేరుతుంది. పది అడుగుల గది పైకప్పు మీద అది నాలుగైదు క్వింటాళ్ళకు తక్కువ కాదు. మోసేది ఏనాటివో దంతెలు, వాటిలో చెద తిన్నవి ఎన్నో. కూలే ముందు మిద్దె చాలాసార్లు చెబుతుంది: కిర్రుమంటుంది, సన్నగా మన్ను రాలుతుంది, గోడకు కొత్త బీట పడుతుంది. ఈ మూడూ నాలుగేళ్ళ పిల్ల కూడా గుర్తుపట్టగలదు. “మన్ను రాలితే అమ్మను లేపి బయటికి రావాల” అని నేర్పితే చాలు. భయపెట్టి కాదు, ఆటగా, ఎండ కాసే రోజున.

ఇలాంటి అభ్యాసం ఎంతమందిని కాపాడుతుందో జపాన్‌లోని కమైషి చూపించింది. 2011 మార్చి 11న భూకంపం రాగానే అక్కడి ఉనొసుమై బడి పిల్లలను మొదట మూడో అంతస్తుకు చేర్చారు. పక్క మిడిల్ స్కూలు పిల్లలు గుట్టవైపు పరిగెత్తడం చూసి వీళ్ళూ కదిలారు. పెద్దపిల్లలు చిన్నవాళ్ళ చేతులు పట్టుకుని నడిపించారు. మొదట చేరిన చోటు చాలదనిపించి ఇంకా పైకి వెళ్ళారు. ఆ తర్వాత సునామీ వాళ్ళ బడులను ముంచేసింది. ఏళ్ళ తరబడి చేసిన అభ్యాసమే ఆరోజు వాళ్ళ కాళ్ళను నడిపించింది. మన ఊళ్ళలో గుట్టకు, మెరకకు కొదవ లేదు. ఆ దారిన పిల్లల్ని ఒకసారైనా నడిపించామా అన్నదే ప్రశ్న. తల్లి ఫోన్ నంబరు పాటలా కంఠతా పట్టించడం, చంటిపిల్లల చొక్కా లోపల అదే నంబరు మార్కరుతో రాయడం పైసా ఖర్చు లేని పనులు.

ఇల్లు కష్టంలో పడగానే పిల్లల్ని మేనమామ ఇంటికి పంపేయడం మనకు అలవాటు. మంచి ఉద్దేశమే. అయితే రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ పిల్లల ఆలనాపాలనా చూసిన అన్నా ఫ్రాయిడ్, డొరోతీ బర్లింగ్‌హామ్ గమనించింది వేరు: చాలామంది పిల్లలను బాంబుల కంటే తల్లికి దూరం కావడమే ఎక్కువ కుంగదీసింది. పంపక తప్పకపోతే జేజినో అవ్వనో తోడు పంపాలి, ఎప్పుడు వచ్చి తీసుకెళ్తారో చెప్పి, చెప్పినట్టే వెళ్ళాలి.

వరద తర్వాతి వారాల్లో పక్క తడపడం మానేసిన పిల్లాడు మళ్ళీ తడుపుతాడు. పిల్ల కొంగు వదలదు. బడికి వెళ్ళే వయసువాళ్ళకు కడుపునొప్పి వస్తుంది, డాక్టరుకు ఏమీ దొరకదు. మబ్బు పడితే చాలు, సంచి సర్దుకుంటారు. ఇసుకలో ఇల్లు కట్టి నీళ్ళు పోసి ముంచే ఆట మొదలవుతుంది. “అపశకునం, మానెయ్” అని గదమాయించే ముందు కాసేపు చూడండి: ఆటలో ఎవరైనా బయటపడుతున్నారా? పడుతుంటే పిల్ల తన భయాన్ని తానే సర్దుకుంటోందన్నమాట. ప్రతిసారీ అందరూ మునిగిపోతూ, ఆట నెల దాటినా మారకపోతే, నిద్ర, తిండి చెడితే డాక్టరుకు చూపించాలి. ఫోన్లో వరద వీడియోలు మాత్రం చిన్నపిల్లల ముందు పెట్టొద్దు. అదే దృశ్యం పదిసార్లు చూస్తే నీళ్ళు పదిసార్లు వచ్చాయనుకునే వయసు వాళ్ళది.

చెయ్యేరు లాంటి ఘటనే 1972 ఫిబ్రవరి 26న అమెరికాలోని బఫెలో క్రీక్‌లో జరిగింది. బొగ్గుగని వ్యర్థాల కట్ట తెగి 125 మంది చనిపోయారు. బతికిన పిల్లల్ని పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనించారు. పిల్లల బాధ ప్రాణాపాయం ఎంత దగ్గరగా వచ్చిందన్నదాన్ని బట్టే కాదు, ఇంట్లో తల్లిదండ్రుల మనసు ఎలా ఉందన్నదాన్ని బట్టి కూడా పెరిగిందని తేలింది. అందుకే పునరావాస కేంద్రంలో అంగన్‌వాడీ తెరవడం ఎంత ముఖ్యమో, ఇల్లు పోయి రోజంతా మౌనంగా కూర్చున్న నాయనను పలకరించడమూ అంతే ముఖ్యం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ ఫోను పిల్ల కోసమే చేయాలని లేదు, నాయన కోసమూ చేయొచ్చు.