శబ్దము మితిమీరినచో... మోటారు పందెములు – మన చెవులు

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ‘ఫార్ములా ఈ’ విద్యుత్ కార్ల పందెము జరిగినది. ఈ కార్ల ధ్వని సుమారు 80 డెసిబెల్స్ మాత్రమే. హోరు లేని పందెము ఉప్పు లేని పప్పు వంటిదని పెదవి విరిచిన వారున్నారు. 2011 నుండి 2013 వరకు గ్రేటర్ నోయిడాలో జరిగిన ఫార్ములా వన్ పందెములలో వి-8 ఇంజన్ల రొద దగ్గర నుండి విన్నవారికి 120 డెసిబెల్స్ దాటెడిది. వారికి అదియే ఆనందము. వైద్యునిగా నా అభిప్రాయము వేరు.

శబ్దము ఆకాశ గుణము. దానిని గ్రహించు చెవిని వాగ్భటాచార్యుడు వాత స్థానములలో ఒకటిగా పేర్కొనినాడు. ఉరుములను, భేరీనాదములను మితిమీరి వినుట ‘అతియోగము’ అనియు, అది రోగకారణమనియు చరక సంహిత తెలుపుచున్నది. అసలేమియు వినకుండుట ‘అయోగము’, అదియు దోషమే. కనుక దోషము శబ్దములో లేదు, మోతాదులో ఉన్నది.

ఆధునిక శాస్త్రము ఆ మోతాదును అంకెలలో చెప్పుచున్నది. 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు 8 గంటలకు మించి వినరాదు. ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ కాలము సగమగును. ఆ లెక్కన 100 డెసిబెల్స్ వద్ద మిగులునది 15 నిమిషములే! లోచెవిలో ధ్వనిని గ్రహించు సూక్ష్మ రోమకణములు సుమారు 15 వేలు. నశించినవి మరల పుట్టవు.

మోటారు సైకిలు సైలెన్సరు తీసివేసి తిరిగెడి యువకులు కొందరు చెవిలో గుంయిమను మోతతో నా వద్దకు వచ్చి, “ఏదైనా తైలము వేసిన తగ్గునా?” అని అడుగుదురు. ఉన్నమాట చెప్పవలెను. నశించిన కణములను ఏ తైలమును మొలిపింపజాలదు. కర్ణపూరణము వైద్యుడు చెవిని పరీక్షించిన పిమ్మట చేయదగినది. చీము కారుచున్నను, కర్ణభేరికి రంధ్రమున్నను ఇంటిలో నూనె పోయరాదు. హఠాత్తుగా వినికిడి తగ్గినచో గృహవైద్యముతో కాలయాపన చేయక, ఆనాడే చెవి వైద్యుని చూడవలెను.

పాటింపదగినవి:
• పందెములకు, బాణసంచా వేడుకలకు పిల్లలను తీసికొని వెళ్లునప్పుడు చెవులను పూర్తిగా కప్పు రక్షణ కవచములు తొడుగుడు. దూది చాలదు.
• పెద్ద చప్పుడు విన్న దినమున ఇయర్‌ఫోన్లు మాని, చెవులకు విశ్రాంతి నిండు.
• నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితియని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు విధించినవి. లౌడుస్పీకరు పెట్టువారికి ఈ మాట నెమ్మదిగా తెలుపుడు.

పందెములోని ఆనందము వేగములోను, నేర్పులోను ఉన్నది. దానిని కన్నులారా చూడుడు. చెవులను మాత్రము పదిలపరచుకొనుడు.