నాలుగు సిలిండర్ల బండి, వెనుక ఒక చిన్న ఇల్లు

ఒక యంత్రము చక్రములు గల మఱియొక పెట్టెను వెంటగొని పోవు దృశ్యము కలకత్తాలోని ఏక్‌బాల్‌పూర్ వాసులకు క్రొత్తది కాదు. ఆ పేటకు సమీపముననే యున్న ఖిదిర్‌పూర్ రేవు 1892లో తెరువబడినది. నేడు ఓడలనుండి దిగిన ఇనుప కంటైనర్లను మోయు ట్రైలరు లారీలు ఆ ప్రాంతపు రోడ్లమీద మెల్లమెల్లగా కదలుచుండును. ఎస్ప్లనేడునుండి ఖిదిర్‌పూర్‌నకు 1902 మార్చి 27వ తేదీన ఆ నగరపు తొలి విద్యుత్ ట్రాము నడచినది. మైదానము ప్రక్కగా చెట్లనీడలలో సాగిన ఆ మార్గము 2020 మే నెలలో వచ్చిన అంఫాన్ తుఫానుతో మూతపడినది. రెండు పెట్టెల ట్రామునందు వెనుకపెట్టె ముందుపెట్టె వెంట తప్పక పోవుటకు ముఖ్యకారణము వాని నడుమనున్న బంధనము కాదు, క్రిందనున్న పట్టాలు. తారురోడ్డుమీద పట్టాలు లేవు. అక్కడ వెనుకబండికి దారి చూపవలసినది ముందుబండి యొక్కటే, అదియు ఒకే యొక బిందువు ద్వారా. ఒక చిన్న వాహనము తన వెనుక ఒక చిన్న ఇంటిని ఈడ్చుకొని పోవుటలోని శాస్త్రమంతయు ఆ బిందువు చుట్టునే తిరుగుచున్నది.

ప్రయాణపు ట్రైలరనగా రెండు మంచములు, ఒక పొయ్యి, నీళ్ళతొట్టి, బట్టల బీరువా ఇమిడిన చక్రముల గది యని తలచుకొనవచ్చును. సామానుతో గూడ దాని బరువు సుమారు 1000 కిలోలుండును. మన దేశమున నిట్టివి ఇంకను అరుదే గాని, కేంద్ర పర్యాటక శాఖ 2009లోనే కారవానులకును వాని విడిదులకును ఒక విధానమును ప్రకటించినది. లాగు బండి విషయమై వెలితి లేదు. తిరుపతి జిల్లాలోని శ్రీసిటీయందు ఇసుజు సంస్థ 2016నుండి పికప్ వాహనములను తయారుచేయుచున్నది, వానిలో కొన్నింటియందలి 1.9 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజను 163 అశ్వశక్తులను, 360 న్యూటన్-మీటర్ల తిప్పుబలమును ఇచ్చును. సంతలకు కూరగాయలు మోయు బొలెరో పికప్ ఇంజను ఇంతకంటె బలహీనము: రమారమి 75 అశ్వశక్తులు, 200 న్యూటన్-మీటర్లు. ఏక్‌బాల్‌పూర్‌లో కాపురమున్న తెలుగు కుటుంబ మొకటి ఇట్టి బలహీనమైన బండికే ట్రైలరు తగిలించి, విద్యాసాగర్ సేతువు దాటి, పదునాఱవ నంబరు జాతీయ రహదారి పట్టి, ఖరగ్‌పూర్, బాలాసోరు, భువనేశ్వరముల మీదుగా ఇచ్ఛాపురమున ఆంధ్రదేశము ప్రవేశించి, విశాఖనుండి అరకులోయ కెక్కవలెనని సంకల్పించిన దనుకొందము.

ఇట్టి సంకల్పము వినినవారందఱు మొదట అడుగు ప్రశ్న, “నాలుగు సిలిండర్ల బండి లాగగలదా?” అని. ఈ ప్రశ్న కంత ప్రాధాన్యము లేదని నా నిశ్చితాభిప్రాయము. అయినను లెక్క చూచి చెప్పుట న్యాయము. పికప్ 2000 కిలోలు, ట్రైలరు 1000 కిలోలు, వెరసి 3000 కిలోలు. చదునైన రోడ్డుమీద టైర్లు దొరలుటకు కలుగు నిరోధము మొత్తము బరువులో వేయింటికి పండ్రెండు వంతుల చొప్పున సుమారు 350 న్యూటన్లు. గాలి నిరోధమన్ననో, వేగము రెట్టింపైన నాలుగింతలగును. ఎత్తైన పెట్టె వెనుకనుండుటచే గంటకు 60 కిలోమీటర్ల వేగమున నది రమారమి 420 న్యూటన్లు. ఈ రెంటిని జయించుటకు చక్రములవద్ద కావలసిన శక్తి కేవలము 17 అశ్వశక్తులు. వేగమును 80కి పెంచినచో 33, 100కి పెంచినచో 57 కావలయును. అనగా మూడింట రెండు వంతుల వేగవృద్ధికి మూడింతలకు మించిన శక్తివ్యయము. ఆ వ్యయములో అధికభాగము ట్రైలరు బరువుచేత గాక దాని యెత్తుచేతను వెడల్పుచేతను కలుగుచున్నది. బరువు తగ్గించుటకు గిన్నెలు లెక్కపెట్టుకొను యజమాని, గంటకు ఇరువది కిలోమీటర్ల వేగము తగ్గించుకొన్నచో అంతకంటె ఎన్నో రెట్లు లాభపడును.

కలకత్తా ప్రాంతము సముద్రమట్టమునకు పది మీటర్లయినను ఎత్తు లేని డెల్టాభూమి. అక్కడి బండికి కొండ యనదగినది వంతెన యొక్కటే. హుగ్లీ నదిపై 1992లో తెరువబడిన విద్యాసాగర్ సేతువు 823 మీటర్ల పొడవు కలది. దాని నెక్కు దారి నూటికి అయిదు వంతుల వాలనుకొన్నను, ఆ వాలువలన అదనముగా పడు భారము 1470 న్యూటన్లే. 60 కిలోమీటర్ల వేగముతోనే ఎక్కవలెనన్న మొత్తము 50 అశ్వశక్తులు చాలును. వాహనముల రద్దీలో ఆ వాలుమీదనే నిలిచిపోయి మరల కదలవలసి వచ్చినను భయము లేదు. మొదటి గేరును, వెనుక ఇరుసులోని పండ్లచక్రములును కలిసి ఇంజను తిప్పుబలమును పదునాఱింతలు చేయుననుకొన్నచో, 200 న్యూటన్-మీటర్లు 3200 అగును. రాపిడిలో పోవునది పోగా చక్రముల అంచున 8000 న్యూటన్ల తోపు మిగులును. కావలసినదానికి ఇది నాలుగింతలకు పైమాటయే.

సిలిండర్ల సంఖ్యవలన వచ్చునది బలముకంటె నెమ్మది. నాలుగు అంచెల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు రెండు చుట్లకొకసారి మాత్రమే మండును. నాలుగు సిలిండర్లున్నప్పుడు ప్రతి అరచుట్టుకు ఒక మంట పడి, ఒకటి తోయుట మానుసరికి మఱియొకటి అందుకొనును. మూడు సిలిండర్లలో ఈ మంటల నడుమ కొంత యెడమేర్పడును. ఆఱింటిలో ఒకదాని తోపుమీద మఱియొకటి కొంత కలియుటచే కదలిక ఇంకను మృదువగును. ఇక పరిమాణపు లోటును టర్బో తీర్చుచున్నది. స్విట్జర్లాండు దేశీయుడైన ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి 1905లో పేటెంటు పొందిన ఆ యుపాయము, పొగగొట్టమున వృథాగా పోవు వాయువులచేత ఒక చక్రమును త్రిప్పించి, దానిచే సిలిండర్లలోనికి గాలిని క్రుక్కించును. గాలి యెక్కువైనచో డీజిలు నెక్కువగా మండింపవచ్చును. అయితే చిన్న ఇంజనుచేత ఎక్కువపని చేయించునప్పుడు, తక్కువ లోహమునుండి ఎక్కువ వేడిని తీసివేయవలసి యుండును. కనుక రేడియేటరు, ఫ్యాను, ఇంజను ఆయిలు, క్లచ్ ఈ నాలుగింటి ఆరోగ్యమే అట్టి బండికి ఆయుర్దాయము. పెద్ద గేరులో ఇంజనును మూల్గనిచ్చుటకంటె, ఒక గేరు దించి కొంచెము వేగముగా తిరుగనిచ్చుట మేలు. నీటిపంపును ఆయిలుపంపును ఇంజనుతోబాటే తిరుగును గదా.

లాగుట ఇంతటితో తేలిపోయినది. కష్టమైనది వెనుకబండిని తిన్నగా నడిపించుట. ఇందలి మూలసూత్రము మన పల్లెల బండివారికి ఏ విశ్వవిద్యాలయమును చెప్పకమునుపే తెలియును. రెండు చక్రముల యెద్దుబండిలో ధాన్యపు బస్తాలు వెనుకకు మించినచో కాడి పైకి లేచి ఎడ్ల మెడలను పట్టును. ముందునకు మించినచో ఎడ్లు భారముతో క్రుంగును. కావున కాడిమీద కొంచెము మాత్రమే బరువు మొగ్గునట్లు వారు బస్తాలు సర్దుదురు. ట్రైలరుకును అదే ధర్మము. పికప్ వెనుకనున్న ఉక్కుగుండుమీద ట్రైలరు ముక్కు మోపు బరువు, మొత్తము ట్రైలరు బరువులో నూటికి పదినుండి పదునైదు వంతు లుండవలెను. అనగా 1000 కిలోల ట్రైలరుకు 100 నుండి 150 కిలోలు. దీని కొక ప్రతిఫలము చెల్లింపక తప్పదు. ముందుచక్రములకును వెనుకచక్రములకును మధ్యదూరము 3 మీటర్లు, వెనుక ఇరుసునుండి గుండునకు 1.2 మీటర్లు అయినచో, గుండుమీద మోపిన 100 కిలోలు వెనుక ఇరుసుపై 140 కిలోలుగా పడి, ముందు ఇరుసునుండి 40 కిలోలను ఎత్తివేయును. దిక్కు మార్చవలసిన చక్రముల పట్టు ఆ మేరకు సడలును. ముక్కుబరువు మితిమీరరాదనుట ఇందుకే.

ముక్కుబరువు చాలనప్పుడు జరుగునది మిక్కిలి భయంకరము. ఎదురుగా వచ్చు బస్సు తోసిన గాలిచేతనో, వైశాఖమాసపు సాయంకాలములందు బంగాళమున హఠాత్తుగా విరుచుకుపడు కాలబైశాఖి గాలివానచేతనో ట్రైలరు ఒకప్రక్కకు తొలగినదనుకొందము. దాని టైర్లు దానిని మధ్యకు లాగును. అది మధ్యను దాటి రెండవప్రక్కకు పోవును. ఇట్లు ఊగులాట మొదలగును. తక్కువ వేగమున ఈ ఊపులు రెండుమూడు తడవలలో అణగిపోవును. వేగము పెరిగినకొలది అణచివేయు గుణము క్షీణించి, ఒక హద్దు దాటగనే ప్రతి యూపును ముందటిదానికంటె పెద్దదగును. అప్పుడు వెనుకబండియే ముందుబండి తోకను పట్టి ఆడించును. ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయపు ఇంజనీర్లు ఈ విషయమును ప్రయోగపూర్వకముగా పరిశీలించి, ముక్కుబరువు, ఇరుసు స్థానము, సామాను ట్రైలరులో ఎట్లు పరచబడినది అనునవి ఆ హద్దును నిర్ణయించుటలో ముఖ్యములని చూపిరి. ఒకే బరువు గల రెండు ట్రైలర్లలో, నీళ్ళతొట్టియు గ్యాసు సిలిండరును ఇరుసు దగ్గఱ నున్నది శాంతముగా నడచును; అవియే రెండు కొసలకు చేరినది ఊగిన పిమ్మట ఆగుటకు నిరాకరించును.

ఖిదిర్‌పూర్ రేవునుండి వచ్చు కంటైనరు ట్రైలర్లు అంతంత బరువులు మోసియు ఈ విధముగా తోక యాడింపకుండుటకు కారణము వానిని చూచిననే బోధపడును. అక్కడ ట్రైలరు తల లాగు లారీ వెనుకకొస మీద గాక, వెనుక ఇరుసులకు సరిగా మీదనో కొంచెము ముందుగనో ఆనియుండును. ట్రైలరు ప్రక్కకు తోసినను ఆ తోపునకు లారీని త్రిప్పగల బారు దొరకదు. పికప్ వెనుకనున్న గుండునకు మీటరునకు పైగా బారు దొరకుచున్నది. అందుచేత గుండు బంపరునకు వెలుపల ఎంత తక్కువ పొడుచుకొనివచ్చిన అంత క్షేమము. ఊపు మొదలైనప్పుడు స్టీరింగును ఎదురు త్రిప్పబోయిన చోదకుడు తన చేతులతోనే ఊపునకు ఊతమిచ్చును. వేగము పెంచినచో హద్దు మఱింత మించును. పికప్ బ్రేకును గట్టిగా త్రొక్కినచో ట్రైలరు వెనుకనుండి గ్రుద్ది మడతపడును. స్టీరింగును తిన్నగా పట్టి, యాక్సిలరేటరుపైనుండి కాలు తీసి, ట్రైలరు బ్రేకును విడిగా వేయు మీట యున్నచో దానిని మాత్రము వేయవలెను.

వెనుకకు నడపునప్పుడు ఏ కొద్ది వేగమందైనను ట్రైలరు అస్థిరమే. పొట్టి ట్రైలరు పొడుగుదానికంటె త్వరగా అడ్డము తిరుగును. ఏక్‌బాల్‌పూర్ సందులలో ఒకరు దిగి వెనుక నిలువక ఆ పని చేయరాదు.

ఇక ఆపుట. కోస్తా జిల్లాలలో చెరకు తోలు ట్రాక్టరు ట్రాలీలు అనేకము తమకంటూ బ్రేకులు లేకయే తిరుగుచున్నవి; వాని మందగమనమే వానిని కాపాడుచున్నది. పికప్ వేగమున అది చెల్లదు. 80 కిలోమీటర్ల వేగముతో పోవు పికప్ ఒంటరిగా నున్నప్పుడు గట్టి బ్రేకుతో 41 మీటర్లలో ఆగుననుకొన్నచో, బ్రేకులు లేని 1000 కిలోల ట్రైలరు వెనుకనున్నప్పుడు అదే బ్రేకుబలముతో 62 మీటర్లు పట్టును. చోదకుడు కాలెత్తి బ్రేకుపై పెట్టులోపల గడచు ఇరువదిరెండు మీటర్లు దీనికి అదనము. అందుచే ట్రైలరుకు సొంత బ్రేకులుండి తీరవలెను. వానిలో సరళమైన పద్ధతి యొకటి: ముందుబండి వేగము తగ్గగనే ట్రైలరు తన ముక్కును ముందునకు నెట్టుకొనును, ఆ నెట్టుడే ఒక జారుడుకడ్డీని త్రోసి, తీగను లాగి, ట్రైలరు చక్రముల బ్రేకులను బిగించును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ట్రైలరును వేఱుగా నిర్వచించి దానికిని రిజిస్ట్రేషను విధించుట సమంజసమే. అది ఒక బండి, పికప్‌నకు తగిలించిన సామాను కాదు.

ఈ బ్రేకుల కసలు పరీక్ష ఎక్కునప్పుడు గాక దిగునప్పుడు వచ్చును. అరకు దారిలోని అనంతగిరి ఘాటులో నూటికి పది వంతుల వాలును గంటకు 30 కిలోమీటర్ల వేగముతో ఎక్కుటకు 40 అశ్వశక్తులు చాలును. మన బలహీనమైన పికప్ సైతము ఎక్కగలదు. దిగునప్పుడు కొండమీదినుండి శృంగవరపుకోట వఱకు సుమారు 900 మీటర్ల దిగుడు కలదు. 3000 కిలోల భారము అంత యెత్తు దిగినప్పుడు విడుదలయగు శక్తి సుమారు 80 లీటర్ల చల్లనినీటిని మరుగబెట్టగలదు. టైర్లును గాలియు అందులో కొంతమాత్రమే పంచుకొనును. ఇంజను కొంత మ్రింగవలెను, మిగిలినదంతయు బ్రేకు డ్రమ్ములలోను డిస్కులలోను వేడిగా చేరును. పెట్రోలు ఇంజనువలె డీజిలు ఇంజను లోనికి పోవు గాలిని బిగబట్టదు గనుక సహజముగా దాని అడ్డుదల తక్కువ. కాబట్టి ఎక్కునప్పటికంటె చిన్న గేరులో దిగుటకు వెనుదీయరాదు. ఎడతెగక బ్రేకును ఆనించి పట్టినచో లైనింగు కాలి పట్టు సడలును, బ్రేకు ద్రవము మరిగి పెడలు మెత్తబడును. ఒకమారు గట్టిగా త్రొక్కి వేగమును బాగుగా తగ్గించి, పూర్తిగా విడిచి చల్లారనిచ్చి, మరల త్రొక్కుట సరియైన పద్ధతి. శృంగవరపుకోట చేరిన పిమ్మట చెట్టునీడను బండి నిలిపి, ట్రైలరు చక్రములయొద్ద, తాకకుండ, అఱచేయి చాచి చూడవలెను: రెండును సమానముగా వేడెక్కియున్నచో బ్రేకులు పనిచేసినట్లు, ఒకటి వేడిగాను మఱియొకటి చల్లగాను ఉన్నచో చల్లగానున్నదాని తీగ సడలినట్లు, రెండును చల్లగానున్నచో దారిపొడుగునను పికప్ ఒక్కటియే ఇంటిని ఆపుచు వచ్చినదని గ్రహించి, విశాఖకు బయలుదేరకముందే మెకానిక్కును పిలిపింపవలెను.